నోరులేని నొప్పిని చదివే కొలువు

పెంపుడు కుక్కకు ఫిజియోథెరపీ అంటే నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. మరోపక్క హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ కుక్కల్ని వ్యాయామానికి తీసుకెళ్తున్నవాళ్లూ ఉన్నారు. ఈ పని ఏంటి? ఎవరు చేయొచ్చు? బైపీసీ వాళ్లకేనా, బీటెక్ వాళ్లకూ చోటుందా? ఫీజు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

‘ముసలిదైపోయింది లెండి!’

కుక్క మెట్లెక్కడం మానేసినా, సోఫా మీదికి దూకకపోయినా, గేటు చప్పుడైతే లేచి రాకపోయినా మన ఇళ్లలో వినిపించే మాట ఇదే. ఎనిమిదేళ్ల ల్యాబ్రడార్‌కీ ఇదే తీర్పు. దాంతో కథ ముగిసిపోతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లే ఆలోచనే రాదు.

వయసు రోగం కాదని పశువైద్యులు పదేపదే చెబుతుంటారు. వయసుతోపాటు వచ్చే కీళ్ల అరుగుదల మాత్రం రోగమే. దానికి నొప్పి ఉంటుంది, ఆ నొప్పికి చికిత్సా ఉంటుంది. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం వంశపారంపర్యంగా వచ్చే అవకాశమున్న బలహీనత. డాష్‌హండ్ లాంటి పొట్టికాళ్ల జాతుల్లో వెన్నుపూసల మధ్య డిస్క్ జారి వెనక కాళ్లు పడిపోయే ప్రమాదం ఎక్కువ. మోకాలి లిగమెంట్ తెగడం, బైక్ గుద్ది ఎముకలు విరగడం... ఇవి ఏ జాతిలోనైనా, ఏ వయసులోనైనా జరగొచ్చు.

ఈ కుక్కలన్నింటికీ మందు, ఆపరేషన్ తర్వాత ఇంకో దశ ఉంటుంది. మనిషికి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపిస్టు వచ్చి కాలు ఆడిస్తారు కదా, అదే దశ. కొత్త అవకాశాలు కనిపిస్తున్నదీ అక్కడే.

అరవకపోతే నొప్పి లేనట్టేనా?

తోక తొక్కితే కుక్క కుయ్యోమంటుంది, నిజమే. నెలల తరబడి లోపల నలిపే కీళ్ల నొప్పికి మాత్రం చాలా కుక్కలు అరవవు. అలవాట్లు మార్చుకుంటాయంతే. అవి ఎలా మారతాయో చూడండి:

• పడుకుని లేచిన తొలి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేయడం, ఆ తర్వాత మామూలుగా నడవడం

• కారెక్కడానికి, మెట్లు దిగడానికి వెనకాడటం

• వాకింగ్‌లో ఎప్పుడూ ముందుండేది వెనకబడటం

• ఒకే కీలును అదేపనిగా నాకడం

• కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపేయడం

• ఎండలేకపోయినా, పరిగెత్తకపోయినా రొప్పడం. రాత్రుళ్లు చోటు మారుస్తూ తిరగడం

• నడుము మీద చెయ్యేస్తే గుర్రుమనడం

చివరిది కాస్త జాగ్రత్తగా గమనించాల్సిన విషయం. ‘ఈమధ్య దీనికి కోపం ఎక్కువైంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వట్లేదు’ అని వదిలించుకునే కుక్కల్లో కొన్నింటికి ఉన్నది కోపం కాదు, నొప్పి. దాన్ని సకాలంలో గుర్తించగలిగితే ఆ కుక్క ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే వీధిన పడుతుంది.

నొప్పికి శాస్త్రీయ నిర్వచనం ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఐఏఎస్‌పీ 2020లో తన నిర్వచనాన్ని సవరించింది. మాటల్లో చెప్పలేనంత మాత్రాన మనిషికైనా, జంతువుకైనా నొప్పి లేదనడానికి వీల్లేదని అందులో స్పష్టం చేసింది. చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం 2014లో నొప్పి గుర్తింపు, చికిత్సలపై మార్గదర్శకాలు తెచ్చి, 2022లో వాటిని కొత్తగా రాసింది. ఏటా సెప్టెంబరును జంతువుల నొప్పిపై అవగాహన మాసంగా జరుపుతున్నారు. అంటే ఇది జాలి గుండెల వ్యవహారం అనే దశ దాటి, పద్ధతి ప్రకారం నేర్చుకుని చేయాల్సిన పనిగా మారింది.

నొప్పికీ మార్కులు వేస్తారు

డాక్టర్ మనల్ని ‘పదికి ఎంత నొప్పి?’ అని అడుగుతారు. కుక్కని అడగలేరు కాబట్టి దాని ప్రవర్తనకు మార్కులు వేస్తారు. ఆపరేషన్ అయిన కుక్కలకు ఎక్కువగా వాడేది స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో తయారైన స్కేలు. కుక్క ఎలా ఉంది, ఎలా నడుస్తోంది, గాయం చుట్టూ నొక్కితే ఏం చేస్తోంది అన్నవి చూసి 24కి మార్కులు వేస్తారు. 6 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నొప్పి మందు అవసరమా అని ఆలోచిస్తారు.

దీర్ఘకాలిక కీళ్ల నొప్పికి ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం పరిశోధకులు వేరే సూచిక తయారు చేశారు. ఇందులో 11 ప్రశ్నలు. సమాధానం చెప్పాల్సింది డాక్టర్ కాదు, కుక్కను పెంచేవాళ్లు. ఆడుకోవడానికి ఉత్సాహం చూపుతోందా? పడుకోవడం, లేవడం సులువుగా ఉందా? చాలాసేపు పడుకున్నాక కదలడం ఎలా ఉంది? ఇలా ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు, మొత్తం 44. నెలకోసారి ఇదే ఫారం నింపితే ఓ గ్రాఫ్ తయారవుతుంది. చికిత్స పనిచేస్తోందో లేదో తేలుతుంది.

ఇక్కడ మనవాళ్లకు ఓ అనుకూలత ఉంది. ఆ ప్రశ్నలకు జవాబులు రావాల్సింది ఇంట్లోవాళ్ల నోటి నుంచి. ఒంగోలులోనో వరంగల్‌లోనో కుక్కను చూసుకునే అమ్మమ్మ ‘స్టిఫ్‌నెస్’ అనదు. ‘పొద్దున్నే పట్టేసినట్టు ఉంటోంది’ అంటుంది. ‘కాలు ఈడుస్తోంది’, ‘కాలు మోపట్లేదు’, ‘ఎత్తెత్తి పెడుతోంది’, ‘కుంటుతోంది’... ఈ నాలుగూ ఒకటి కాదు. కాలు ఈడుస్తోందంటే నరాల సమస్యా అని చూడాలి. మోపట్లేదంటే ఎముకో లిగమెంటో దెబ్బతిందేమోనని చూడాలి. ఇంట్లోవాళ్లు తమ మాటల్లో చెప్పింది విని, సరైన ఎదురు ప్రశ్న వేయగలగడం ఈ వృత్తిలో సగం నైపుణ్యం. తెలుగు బాగా రావడం ఇక్కడ అర్హతే!

నీళ్లలో నడిస్తే ఏమవుతుంది?

కుక్కల ఫిజియోథెరపీ అనగానే అందరికీ గుర్తొచ్చే వీడియో ఒకటుంది. గాజు పెట్టెలో సగం వరకు గోరువెచ్చని నీళ్లు, అందులో ట్రెడ్‌మిల్, దాని మీద నెమ్మదిగా నడుస్తున్న కుక్క. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని వెనకున్నది మన తొమ్మిదో తరగతి పాఠమే, ఆర్కిమెడీస్ సూత్రం.

నీటి మట్టం వెనక కాలి మడమ కీలు దాకా ఉంటే కాళ్ల మీద పడే బరువు అసలు బరువులో 91 శాతం. మోకాలి దాకా పెంచితే 85 శాతం. తుంటి దాకా పెంచితే ఒక్కసారిగా 38 శాతానికి పడిపోతుంది. అంటే 30 కిలోల ల్యాబ్రడార్ తన కాళ్ల మీద 11 కిలోల చిల్లర మాత్రమే మోస్తూ నడుస్తుందన్నమాట. కీలు మీద భారం తగ్గుతుంది, నీటి ఒరిపిడి వల్ల కండరానికి మాత్రం పని పడుతుంది. కోలుకుంటున్నకొద్దీ నీటి మట్టం తగ్గిస్తూ వస్తారు. కుట్లు మానకముందు మాత్రం నీళ్లలోకి దించకూడదు.

అయితే ఈ పెట్టె లేకపోతే ఫిజియోథెరపీ లేదనుకోవద్దు. రోజువారీ పని ఎక్కువగా చేతులతోనే జరుగుతుంది.

• ఆపరేషన్ అయిన తొలి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్‌తో కాపడం, వాపు తగ్గాక వేడి కాపడం

• కుక్కను పక్కకు పడుకోబెట్టి ఒక్కో కీలునూ నొప్పి రానంత మేర మెల్లగా ముడవడం, చాపడం

• కూర్చో, లే, కూర్చో, లే... మన గుంజీళ్లలాంటిదే ఇది. వెనక తొడల కండరాలకు బలం

• నేల మీద తక్కువ ఎత్తులో కర్రలు పేర్చి వాటిని దాటించడం. దీనివల్ల కుక్క ఒక్కో కాలునీ చూసుకుని ఎత్తి పెడుతుంది

• గాలి నింపిన దిండు మీద నిలబెట్టి బ్యాలెన్స్ సాధన

వీటికి తోడుగా లేజర్, కరెంటు ప్రేరణ లాంటి పరికరాలు వాడతారు. ఏది, ఎప్పుడు, ఎంతసేపు అన్నది పరీక్షించిన పశువైద్యులు నిర్ణయించాలి. విరిగిన ఎముక అతకకముందు కాలు ఆడిస్తే మేలు జరగదు సరికదా, కీడు జరుగుతుంది.

ఇంకో విషయం కూడా ముందే తెలుసుకోవాలి. ఫిజియోథెరపీ అరిగిన కీలును కొత్తది చేయదు. చుట్టూ ఉన్న కండరాన్ని బలపరిచి, కదలికను నిలబెట్టి, నొప్పిని తగ్గిస్తుంది. ‘పది సిట్టింగుల్లో పూర్తిగా నయం’ అనే బోర్డు కనిపిస్తే అక్కడ పని నేర్చుకోవడానికి కూడా వెళ్లొద్దు.

కళ్లు మోసం చేస్తాయి, కొలత చేయదు

నాలాంటి ఇంజినీరింగ్ వాళ్లకు ఈ రంగంలో బాగా ఆసక్తి కలిగించే భాగం ఇది. కీళ్ల నొప్పితో కుంటే కుక్కల మీద 2012లో అమెరికాలో ఓ అధ్యయనం ప్రచురితమైంది. అందులో కొన్ని కుక్కలకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నడుస్తున్నప్పుడు ప్రతి కాలూ నేలను ఎంత బలంతో తాకుతోందో ఫోర్స్ ప్లేట్ అనే పరికరంతో కొలిచారు. మెరుగుదల ఏమీ లేదని ఆ పరికరం చెబుతున్నా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులు మాత్రం ‘మా కుక్క కుంటడం తగ్గింది’ అన్నారు. అనుభవమున్న పశువైద్యులు చూసినప్పుడూ 40 శాతానికి పైగా సందర్భాల్లో ఇదే జరిగింది. డబ్బు పెట్టి, సమయం పెట్టి, ప్రేమ పెట్టి చేసే వైద్యం పనిచేయాలని మనసు కోరుకుంటుంది. కళ్లు అదే చూస్తాయి.

ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది కుక్క. తగ్గిందనుకుని మందు ఆపేస్తారు, దాని నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే కొలవాలి. కొలవడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. కీలు ఎంత ముడుచుకుంటోందో గోనియోమీటర్ చెబుతుంది. తొడ చుట్టుకొలతను టేపుతో కొలిస్తే కండరం పెరిగిందో తరిగిందో తెలుస్తుంది. ఫిన్లాండ్ పరిశోధకులైతే 2012లో రెండు మామూలు బాత్రూమ్ తూకం మిషన్లు పక్కపక్కన పెట్టి, వెనక కాళ్లు ఒక్కోటీ ఒక్కో మిషన్ మీద ఉంచి తేడా కొలిచారు. కీళ్ల నొప్పి ఉన్న కుక్కల్లో ఇది పనికొచ్చే పద్ధతేనని తేల్చారు.

లెక్క ఎలా ఉంటుందో ఓ ఉదాహరణ. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. 30 కిలోల కుక్కకు వెనక కాళ్ల వాటా 12 కిలోలు, అంటే ఒక్కో కాలికి 6. ఎడమ కాలి కింద 7.2, కుడి కాలి కింద 4.8 చూపించాయనుకుందాం. తేడా 2.4ను సగటు 6తో భాగిస్తే 40 శాతం అసమానత. ఆరు వారాల వ్యాయామం తర్వాత 6.4, 5.6 వస్తే అసమానత 13 శాతానికి దిగింది. ఇక ‘తగ్గినట్టుంది’ అని అనుకోనక్కర్లేదు, ఎంత తగ్గిందో చెప్పొచ్చు.

బీటెక్ ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో కొన్న అటెండెన్స్ సిస్టమ్‌నే మళ్లీ చూపించే బదులు ఇలాంటిదొకటి చేయొచ్చు. ఈసీఈ వాళ్లు నాలుగు లోడ్ సెల్స్‌తో కుక్క నిలబడే బల్ల తయారు చేయొచ్చు. మెకానికల్ వాళ్లకు వెనక కాళ్లు పడిపోయిన కుక్కల చక్రాల బండి ఉంది. తేలిగ్గా, చౌకగా, ఒరుసుకుపోకుండా ఉండేలా రూపొందించడం అనుకున్నంత సులువు కాదు. సీఎస్ఈ వాళ్లకు 2018లో వెలువడిన డీప్‌ల్యాబ్‌కట్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. జంతువు వీడియోలో కీళ్లను గుర్తించి కదలికను ట్రాక్ చేస్తుంది. పైథాన్ వస్తే చాలు. సిద్ధంగా ఉన్న ఓ మోడల్ మన వీధి కుక్క మీద ఎంత కచ్చితంగా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో కొలిచి చూపిస్తే, ఇంటర్వ్యూలో పది నిమిషాలు ధీమాగా మాట్లాడే విషయం మీ చేతిలో ఉన్నట్టే. ఒక్కటే షరతు. కుక్కను ముట్టుకునే ఏ ప్రాజెక్టు అయినా పశువైద్యుల మార్గదర్శకత్వంలోనే, కాలేజీ అనుమతితోనే చేయండి.

ఈ రంగంలోకి దారులివీ

1. పశువైద్యం: రాచబాట ఇదే. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలున్నాయి. తెలంగాణలో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలున్నాయి. ఆలిండియా కోటా 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో భర్తీ చేస్తారు. రాష్ట్ర సీట్ల నిబంధనలకు ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్ చూసుకోవాలి, సీనియర్లు చెప్పింది కాదు. డిగ్రీ తర్వాత ఎంవీఎస్సీలో సర్జరీ అండ్ రేడియాలజీ చేస్తే ఎముకలు, కీళ్ల కేసులు దగ్గరగా చూసే అవకాశం ఎక్కువ.

2. ఫిజియోథెరపీ: బీపీటీ చేసినవాళ్లకు కండరాలు, కీళ్లు, వ్యాయామాల మీద పట్టు ముందే ఉంటుంది. అయితే మనిషి శరీరం వేరు, నాలుగు కాళ్ల శరీరం వేరు. చట్టమూ వేరే. భారత పశువైద్య మండలి చట్టం 1984 ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులది. కాబట్టి సొంతంగా రోగం నిర్ధారించడం, మందులు రాయడం కుదరదు. పశువైద్యులు పరీక్షించి, రాసిచ్చాక, వాళ్ల పర్యవేక్షణలో వ్యాయామాలు చేయించే జట్టులో చేరడమే సరైన దారి. బ్రిటన్‌లోనూ అంతే. అక్కడ 2015 నాటి ఉత్తర్వు ప్రకారం జంతువులకు ఫిజియోథెరపీ పశువైద్యుల నిర్దేశం మేరకే చేయాలి.

3. డిప్లొమా: పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ కోర్సులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. జంతువును భయపెట్టకుండా పట్టుకోవడం, మందులివ్వడం, రికార్డులు రాయడం తెలిసిన సహాయకులు లేకుండా ఏ పునరావాస కేంద్రమూ నడవదు.

4. ఇంజినీరింగ్, డిజైన్: పరికరాలు, చక్రాల బండ్లు, కృత్రిమ కాళ్లు, నడక విశ్లేషణ సాఫ్ట్‌వేర్, పెట్ టెక్ స్టార్టప్‌లు.

విదేశాల్లో దీనికి ప్రత్యేక శిక్షణలున్నాయి. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయం కుక్కల పునరావాస చికిత్సలో సీసీఆర్‌పీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ రంగానికి తొలి పాఠ్యపుస్తకాల్లో ఒకదానికి సంపాదకులైన డారిల్ మిలిస్ పశువైద్య సర్జన్, డేవిడ్ లెవీన్ మనుషుల ఫిజియోథెరపిస్టు. రెండు వృత్తులు చేతులు కలిపితేనే ఈ రంగం పుట్టిందనడానికి ఇదే సాక్ష్యం. 2010లో అమెరికా పశువైద్య సంఘం క్రీడావైద్యం, పునరావాసాన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది. అయితే ఈ సర్టిఫికెట్ల ఖర్చు ప్రయాణం, బసతో కలిపి లక్షల్లోకి వెళ్తుంది. అప్పు చేసి వెళ్లే ముందు ఇక్కడ కనీసం ఓ ఏడాది పనిచేసి చూడటం మేలు.

ఫీజు కట్టే ముందు ఐదు ప్రశ్నలు

‘రెండు రోజుల్లో డాగ్ ఫిజియోథెరపిస్ట్ అవ్వండి’ లాంటి ప్రకటన మీ ఫోన్‌లో కనిపిస్తే ఇవి అడగండి.

• బోధించేవాళ్లలో రిజిస్టరైన పశువైద్యులు ఎంతమంది? వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు చూపిస్తారా?

• నిజమైన కుక్కల మీద, నిజమైన కేసుల మీద ఎన్ని గంటల సాధన?

• ఈ సర్టిఫికెట్‌తో చట్టప్రకారం నేను ఏం చేయొచ్చు? ఏం చేయకూడదు?

• ప్రవేశానికి కనీస అర్హత ఏంటి? ‘ఎవరైనా చేరొచ్చు’ అంటే ఆలోచించాల్సిందే.

• పాత విద్యార్థుల్లో ఇద్దరితో మాట్లాడించగలరా?

మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పని ఎలా ఉంటుంది?

ఇన్‌స్టాలో కనిపించేంత ముద్దుగా ఉండదు. 35 కిలోల కుక్కను రోజుకు పలుమార్లు ఎత్తాలి, దించాలి. మీ నడుము జాగ్రత్త! నొప్పితో ఉన్న కుక్క కరవొచ్చు కాబట్టి రేబిస్ ముందస్తు టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడాకే ఈ పనిలో దిగాలి. వెనక కాళ్లు పడిపోయిన కుక్కకు మలమూత్రాల శుభ్రతా మీ పనిలో భాగమే. కొన్ని కుక్కలు కోలుకోవు. ఆ మాట యజమానికి చెప్పాల్సి రావడం అన్నింటికంటే కష్టమైన పని.

ఉద్యోగాల సంగతీ దాచకుండా చెప్పుకోవాలి. పశువైద్యంలో ప్రభుత్వ కొలువులు ప్రధానంగా పాడి పశువులు, గొర్రెలు, కోళ్ల చుట్టూ తిరుగుతాయి. కుక్కల పునరావాసం ప్రస్తుతానికి నగరాల్లోని ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌ల పని. దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా, సాధారణ చిన్న జంతువుల వైద్యానికి తోడు నైపుణ్యంగా పెట్టుకుంటే నిలదొక్కుకోవడం తేలిక. పోలీసు జాగిలాల లాంటి పనిచేసే కుక్కలకు, రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన వీధి కుక్కలకూ ఈ సేవ అవసరమే. అయితే వీధి కుక్కకు ఫీజు కట్టేవాళ్లుండరు. సేవ, సంపాదన రెండింటికీ లెక్క కుదుర్చుకోవడం ఈ వృత్తిలో ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం.

ఇంట్లో కుక్క ఉందా?

ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఇవి తెలుసుకుంటే మీ ఇంటి కుక్కకే మేలు.

మన మాత్రలు వేయొద్దు. ఒళ్లు నొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు. కుక్కలకు వేరే నొప్పి మందులున్నాయి, వాటిని పశువైద్యులే రాయాలి.

బరువు తగ్గించండి. 48 ల్యాబ్రడార్‌లను జీవితాంతం గమనించిన ఓ ప్రసిద్ధ అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. జతలోని తోడు కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల జబ్బు లక్షణాలూ వాటిలో ఆలస్యంగా కనిపించాయి. ఖర్చు లేని వైద్యం ఇంతకంటే ఏముంటుంది? ‘పాపం, చూస్తోంది’ అంటూ పెట్టే ప్రతి బిస్కెట్టునూ ఈ లెక్కలో చూసుకోవాలి.

నేల చూడండి. నున్నటి టైల్స్, మార్బుల్ మీద కాళ్లు జారుతుంటే కీళ్లు నొప్పిగా ఉన్న కుక్క ప్రతి అడుగుకీ భయపడుతుంది. అది తిరిగే దారిలో పాత కార్పెట్టు, జారని మ్యాట్లు వేయండి. గోళ్లు కత్తిరించి ఉంచండి.

ఈ వారమే మొదలెట్టండి

మూడు చిన్న పనులు. మొదటిది, మీ ఇంటి కుక్కనో పక్కింటి కుక్కనో నడిపించి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ఏ కాలు నేల మీద తక్కువసేపు ఉంటోందో చూడండి. ముందు కాలు నొప్పి ఉన్న కుక్క ఆ కాలు మోపినప్పుడు తల పైకెత్తుతుంది, మంచి కాలు మోపినప్పుడు దించుతుంది. పది వీడియోలు చూశాక మీ కళ్లకు ఇది పట్టుబడుతుంది. తేడా కనిపిస్తే వీడియోతో సహా పశువైద్యుల దగ్గరికి పంపండి.

రెండోది, మీ ఊళ్లోని జంతు సంరక్షణ సంస్థలో నెలరోజులు వారాంతాల్లో స్వచ్ఛందంగా పనిచేయండి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలున్నాయి. పంజరాలు కడగడంతో మొదలవుతుంది. ఆ వాసన, ఆ అరుపులు, ఆ గాయాలు చూశాక కూడా రెండో వారం వెళ్లాలనిపిస్తే ఈ రంగం మీకు సరిపడేదే. అనిపించకపోతే నెలరోజుల్లోనే తేలిపోయింది, లక్షలు మిగిలాయి.

మూడోది, ఓ నోట్‌బుక్ పెట్టండి. తేదీ, కుక్క బరువు, ఏం గమనించారు, ఎంత కొలిచారు. అంతే. రేపు ఏ ఆసుపత్రికో, స్టార్టప్‌కో ఇంటర్వ్యూకి వెళ్తే ‘నాకు కుక్కలంటే ప్రాణం’ అని చెప్పేవాళ్లు మీ ముందు పదిమంది ఉంటారు. రాసిపెట్టుకున్న కొలతలు చూపించేది మాత్రం మీరొక్కరే కావొచ్చు.